నకిలీ సర్వరుకు తప్పులు చేయడమూ రావాలి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: సాఫ్ట్‌వేర్ టెస్టింగు

మన కోడు వేరే యంత్రంలో నడిచే సర్వీసును పిలుస్తుంది. టెస్టులు నడిపే వేళకు ఆ సర్వీసు అందుబాటులో ఉండదు, ఉన్నా ప్రతిసారీ ఒకే జవాబు ఇస్తుందని నమ్మకం లేదు. ఈ చిక్కు మీద కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాఠకులు అడిగినవన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. అడిగినవాళ్లలో ఎక్కువమంది పైతాన్‌తో జీఆర్‌పీసీ (వేరే యంత్రంలోని ఫంక్షనును మన కోడులోదే అన్నట్టు పిలిచే పద్ధతి) వాడుతున్నారు కాబట్టి జవాబులూ ఎక్కువగా అటే మొగ్గుతాయి.

ప్రశ్న: మాది మార్కెట్ యార్డు ధరలు చూపించే ఆప్. ఉల్లి, వేరుశనగ క్వింటాలు ధరలు ఇంకో సర్వరు నుంచి జీఆర్‌పీసీ ద్వారా వస్తాయి. టెస్టుల్లో "స్టబ్ పెట్టమ్మా" అన్నారు మా సీనియర్. ప్రోటో ఫైలు (సర్వీసు మెథడ్లు, మెసేజ్‌లు ఎలా ఉండాలో రాసిన ఫైలు) నుంచి పుట్టిన కోడులో ఇప్పటికే స్టబ్ అనే క్లాసు ఉంది కదా! నేను పెట్టాల్సింది ఏది?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తికమక మీది కాదు, ఆ మాటది. ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. జెరాక్స్ పార్క్ పరిశోధకులు ఆండ్రూ బిర్రెల్, బ్రూస్ నెల్సన్ 1984లో రిమోట్ ప్రొసీజర్ కాల్ గురించి ప్రచురించిన వ్యాసంలో స్టబ్ అంటే క్లయింటు పక్కన కూర్చుని ఆర్గ్యుమెంట్లను మూటగట్టి అవతలికి పంపేది, వచ్చిన జవాబును విప్పి ఇచ్చేది. మీ ప్రోటో నుంచి పుట్టిన క్లాసు ఇదే. టెస్టింగులో స్టబ్ అంటే అసలుది లేనప్పుడు దాని చోట నిలబడి, ముందే నేర్పిన జవాబు చెప్పేది. మీ సీనియర్ అన్నది ఈ రెండోది. ఇక్కడినుంచి మొదటిదాన్ని క్లయింటు స్టబ్ అనీ, రెండోదాన్ని నకిలీ అనీ పిలుస్తాం.

నకిలీని పెట్టడానికి మూడు చోట్లున్నాయి. మీరే రాసుకున్న "ధర తెచ్చు" లాంటి ఫంక్షను చోట పెట్టవచ్చు. క్లయింటు స్టబ్ చోట ఒక మాక్ ఆబ్జెక్టు (అసలుదానిలా నటించే రెడీమేడ్ ఆబ్జెక్టు) పెట్టవచ్చు. లేదా క్లయింటు స్టబ్‌ను కదిలించకుండా, వైరుకు అవతలి కొసన మీ టెస్టులోనే ఒక చిన్న సర్వరు లేపవచ్చు.

మా సలహా మొదటిదీ మూడోదీ కలిపి వాడమని. తెర మీద ధరలు ఎలా పేర్చాలి, పెరిగితే ఏ రంగు చూపాలి వంటి వాటిని పరీక్షించేటప్పుడు "ధర తెచ్చు" ఫంక్షనునే మార్చేయండి. అక్కడ నెట్‌వర్కు గొడవే అక్కర్లేదు. ఆ ఫంక్షను లోపలి కోడును పరీక్షించేటప్పుడు మాత్రం చిన్న సర్వరు లేపండి. టైమవుట్, ఎర్రర్ కోడు, మెటాడేటా, మళ్లీ ప్రయత్నించడం, ఇవన్నీ అక్కడే ఉంటాయి. వాటిని తప్పించుకుని వెళ్లే టెస్టు వాటి గురించి ఏమీ చెప్పలేదు. మధ్యలో ఉన్న రెండో చోటు రాయడానికి సులువుగా కనిపిస్తుంది గానీ, కింద ఆదోని పాఠకుడికి ఎదురైంది సరిగ్గా అక్కడే.

ప్రశ్న: క్లయింటు స్టబ్ బదులు మాక్ పెట్టి టెస్టులు రాశాను. అన్నీ పాసయ్యాయి. అసలు సర్వరుతో నడిపితే, నేను పిలుస్తున్న మెథడ్ పేరులో ఒక అక్షరం తప్పని తేలింది. ఆటోస్పెక్ పెట్టినా లాభం లేదు, అప్పుడు సరైన పేరు కూడా లేదంటోంది. ఎందుకిలా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మామూలు మాక్ ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది. తప్పు పేరుతో పిలిచినా "ఊ" అంటుంది. దాన్ని ఆపడానికే ఆటోస్పెక్ ఉంది: అసలు క్లాసును చూసి, అందులో లేని పేరును ఒప్పుకోదు. జీఆర్‌పీసీ పైతాన్‌లో మెలిక ఏమిటంటే, క్లయింటు స్టబ్ క్లాసు మీద మెథడ్లు ఉండవు. ఆబ్జెక్టు పుట్టేటప్పుడు, ఇనిట్ లోపల, ఒక్కొక్క మెథడ్‌ను ఛానెల్ (సర్వరుకు వేసే కనెక్షను) నుంచి తయారుచేసి ఆ ఆబ్జెక్టుకు తగిలిస్తారు. ఆటోస్పెక్ క్లాసును మాత్రమే చూస్తుంది, ఇనిట్‌ను నడపదు. అందుకే దానికి మీ సరైన మెథడ్ కూడా కనబడలేదు.

మాక్‌తోనే ఉండాలనుకుంటే క్లాసును కాకుండా, ఒక నిజమైన ఆబ్జెక్టును చూపించి ఆటోస్పెక్ చేయండి. ఇన్‌సెక్యూర్ ఛానెల్ తెరిచి దానితో క్లయింటు స్టబ్ తయారుచేస్తే చాలు. మొదటి పిలుపు వచ్చేదాకా ఆ ఛానెల్ ఎవరికీ కనెక్ట్ కాదు కాబట్టి అవతల సర్వరు లేకపోయినా పరవాలేదు.

అప్పటికీ ఇంకో రెండు గుంటలున్నాయి. ఎర్రర్ చూపించడానికి మాక్ సైడ్ ఎఫెక్ట్‌లో (పిలిచినప్పుడు ఏం జరగాలో చెప్పే చోట) ఆర్‌పీసీ ఎర్రర్‌ను నేరుగా పెట్టారనుకోండి. మీ కోడు దాన్ని పట్టుకుని ".కోడ్()" అని అడగగానే ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. నిజమైన పిలుపు విఫలమైనప్పుడు వచ్చే ఆబ్జెక్టు ఆర్‌పీసీ ఎర్రర్ మాత్రమే కాదు, కాల్ కూడా. కోడు, వివరం అక్కడినుంచి వస్తాయి. ఉత్త ఆర్‌పీసీ ఎర్రర్‌కు అవి లేవు. రెండో గుంట స్ట్రీమింగులో ఉంది. రిటర్న్ వాల్యూగా ఇటరేటరును ఇస్తే మొదటి పిలుపుకే అది ఖాళీ అయిపోతుంది; రెండో పిలుపుకు ఏ ధరా రాదు, టెస్టు మాత్రం "ఈరోజు సరుకు రాలేదు" అన్న దారిలో నిశ్శబ్దంగా పాసైపోతుంది. ప్రతి పిలుపుకూ కొత్త ఇటరేటరు ఇచ్చే ఫంక్షనును సైడ్ ఎఫెక్ట్‌గా పెట్టాలి.

ఇన్ని జాగ్రత్తలు పడి మాక్‌ను నిలబెట్టే కష్టం కంటే చిన్న సర్వరు రాయడం తక్కువ పని. అదెలాగో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: టెస్టులోనే సర్వరు లేపడం ఎలాగో వరసగా చెబుతారా? నేను 50051 పోర్టు మీద పెట్టాను. విడిగా నడిపితే బాగుంది. నాలుగు టెస్టులు ఒకేసారి నడిపితే ఒకదాని జవాబు ఇంకొకదానికి వస్తోంది.
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ముందు మీ పోర్టు సంగతి. లైనక్స్ మీద జీఆర్‌పీసీ పైతాన్ సర్వరుకు రీయూజ్‌పోర్ట్ అనే సదుపాయం డిఫాల్టుగానే తెరిచి ఉంటుంది. ఒకే పోర్టు మీద రెండో సర్వరు లేస్తే "పోర్టు ఖాళీ లేదు" అని ఎర్రర్ రాదు. ఇద్దరూ అక్కడే కూర్చుంటారు, వచ్చిన పిలుపు ఇద్దరిలో ఎవరికైనా పోవచ్చు. మీకు జరిగింది అదే. నంబరును మీరు రాయకండి. అడ్రసులో పోర్టు 0 అని ఇస్తే ఆపరేటింగ్ సిస్టమే ఖాళీ పోర్టును వెతికి ఇస్తుంది. యాడ్ ఇన్‌సెక్యూర్ పోర్ట్ అనే పిలుపు ఆ నంబరును తిరిగి ఇస్తుంది. దాన్నే ఛానెల్‌కు అందించండి.

ఇక వరస. ప్రోటో నుంచి పుట్టిన సర్విసర్ క్లాసును (సర్వరు వైపు మెథడ్ల ఖాళీ నమూనాను) వారసత్వంగా తీసుకుని నకిలీ క్లాసు రాయండి. అందులో వచ్చిన రిక్వెస్టులను దాచుకోవడానికి ఒక లిస్టు, ఇవ్వాల్సిన జవాబులకు ఇంకో లిస్టు పెట్టండి. మెథడ్‌లోకి రాగానే మొదట రిక్వెస్టును దాచుకోవాలి, తర్వాతే జవాబు సంగతి చూడాలి. ఈ క్రమం తిరగబడితే ఎర్రర్ ఇచ్చిన పిలుపులు లెక్కలోకి రావు. ఇద్దరు పనివాళ్లున్న థ్రెడ్ పూల్‌తో సర్వరు తయారుచేసి, నకిలీని దానికి తగిలించి, పోర్టు 0 అడిగి, స్టార్ట్ చేయండి. ఛానెల్ తెరిచి, మీ అసలు క్లయింటు కోడుకు ఆ ఛానెల్‌ను ఆర్గ్యుమెంటుగా ఇవ్వండి. మీ కోడు అడ్రసును లోపలే రాసుకుని ఉంటే ముందు దాన్ని బయటికి తీయాలి, దానికి అడ్డదారి లేదు. టెస్టు అయ్యాక ఛానెల్ మూసి, సర్వరును ఆపండి. ఇదంతా పైటెస్ట్ ఫిక్స్చరులో (టెస్టుకు ముందూ తర్వాతా నడిచే సన్నాహపు కోడులో) ఒకచోట ఉంచి, ప్రతి టెస్టుకూ కొత్త సర్వరు ఇవ్వండి. ఒక్కటే సర్వరును అన్ని టెస్టులకూ వాడితే ముందు టెస్టు మిగిల్చిన జవాబు తర్వాతి దానికి అంటుకుంటుంది.

ఎర్రర్ ఇవ్వాలంటే నకిలీ మెథడ్‌లో కాంటెక్స్ట్ మీద అబార్ట్ పిలిచి కోడు, వివరం ఇవ్వండి. అబార్ట్ తర్వాతి లైను నడవదు. మామూలు పైతాన్ ఎక్సెప్షన్ విసిరితే క్లయింటుకు అన్‌నోన్ అనే 2వ కోడు చేరుతుంది. మీరు అన్‌అవైలబుల్ అనే 14ను పరీక్షిస్తున్నాననుకుంటూ వేరేదాన్ని పరీక్షిస్తుంటారు.

ప్రశ్న: ఇదే పద్ధతిలో రాసిన టెస్టులు ఇంట్లో పాసవుతాయి, మా కాలేజీ ల్యాబులో అన్నీ అన్‌అవైలబుల్ అంటాయి. సర్వరు అదే కంప్యూటర్లో ఉంది కదా?
— ఒక విద్యార్థిని, కడప

జవాబు: చాలా ల్యాబుల్లో ఇంటర్నెట్ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వరు) గుండా వెళ్తుంది, కంప్యూటర్లో హెచ్‌టీటీపీ ప్రాక్సీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఉంటారు. పైతాన్ జీఆర్‌పీసీ దాన్ని పాటిస్తుంది. అదే కంప్యూటర్లోని సర్వరుకు పంపాల్సిన మాట ఊరి పొలిమేరలోని ప్రాక్సీ దాకా వెళ్లి ఆగిపోతోంది. నో ప్రాక్సీ వేరియబుల్‌లో లోకల్‌హోస్ట్‌ను, 127.0.0.1ను చేర్చండి. లేదా టెస్టు ఛానెల్ ఆప్షన్లలో ఎనేబుల్ హెచ్‌టీటీపీ ప్రాక్సీని 0 చేయండి. రెండోదే మేలు, మీ టెస్టు ఏ కంప్యూటర్ మీదైనా ఒకేలా నడుస్తుంది.

ప్రశ్న: రైతులు వేరుశనగ విత్తనాలు బుక్ చేసుకునే ఆప్ చేస్తున్నాం. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో ఒక్కసారి నొక్కితే రెండు బుకింగులు పడుతున్నాయి. మా టెస్టుల్లో టైమవుట్ కేసు ఉంది, పాసవుతుంది. టెస్టులో ఇది ఎందుకు దొరకలేదు?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ టెస్టులో నకిలీ ఏం చేస్తోందో చూడండి. బహుశా పిలుపు రాగానే డెడ్‌లైన్ ఎక్సీడెడ్ అనే 4వ కోడు ఇచ్చి ఊరుకుంటోంది. అంటే పని చేయలేదు, చేయలేదని చెప్పింది. పొలం గట్టు మీద జరిగేది అది కాదు. రిక్వెస్టు సర్వరుకు చేరింది, బుకింగు పడింది, "అయింది" అన్న జవాబు మాత్రం దారిలో పోయింది. క్లయింటుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. 4వ కోడు వచ్చిందంటే పని కాలేదని అర్థం కాదు, అయిందో లేదో తెలియదని మాత్రమే అర్థం. ఆప్ మళ్లీ పంపింది, 3 బస్తాలు 6 అయ్యాయి.

కాబట్టి నకిలీకి పని చేసి జవాబు చెప్పకుండా ఉండటం నేర్పాలి. బుకింగ్ మెథడ్‌లో ముందు రిక్వెస్టును లిస్టులో చేర్చండి, తర్వాత ఒక థ్రెడింగ్ ఈవెంట్ (సెట్ చేసేదాకా కోడును ఆపి ఉంచేది) మీద ఆగమనండి. క్లయింటుకు 1 సెకను టైమవుట్ ఇవ్వండి. మొదటి పిలుపు అక్కడ ఆగిపోతుంది, క్లయింటుకు 4వ కోడు వస్తుంది, అది మళ్లీ పంపుతుంది, రెండో పిలుపుకు నకిలీ వెంటనే జవాబిస్తుంది. ఇప్పుడు తనిఖీ చేయాల్సింది రెండో పిలుపు సఫలమైందా అని కాదు. నకిలీ దాచుకున్న రెండు రిక్వెస్టుల్లో బుకింగ్ కీ (ఒక్కో బుకింగును గుర్తించే విలువ) ఒకటేనా అని చూడాలి. ఒకటే అయితే అసలు సర్వరు రెండోదాన్ని గుర్తుపట్టి పాత బుకింగునే తిరిగి ఇవ్వగలదు. ఈ తప్పు తరచుగా ఒకే చోట దొరుకుతుంది: ఆ కీగా వాడే యూయూఐడీని (ప్రతిసారీ వేరుగా పుట్టే గుర్తింపు విలువను) మళ్లీ ప్రయత్నించే లూపు లోపల పుట్టిస్తారు, ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ వెళ్తుంది. దాన్ని లూపు బయటికి, రైతు బటన్ నొక్కిన క్షణానికి జరపండి. ఆ కీని సర్వరు పాటిస్తోందా అన్నది సర్వరు వైపు టెస్టుల్లో విడిగా చూడాలి.

టైమవుట్ 0.05 సెకనుకు తగ్గించాలని ఆశపడకండి. పాత ల్యాప్‌టాపులో, లేదా బిల్డు సర్వరు బిజీగా ఉన్నప్పుడు, రిక్వెస్టు నకిలీని చేరకముందే గడువు దాటిపోతుంది. అప్పుడు లిస్టులో ఒకటే రిక్వెస్టు ఉండి, టెస్టు రోజుకోలా ప్రవర్తిస్తుంది. ఒక్క సెకను ఖర్చుకు ఇక్కడ వెనకాడనక్కర్లేదు.

ఇంకో సంగతి తప్పక చూసుకోండి. క్లయింటు గడువు దాటి వెళ్లిపోయినా పైతాన్ సర్వరులో ఆ మెథడ్ నడిపే థ్రెడ్ ఆగదు, ఈవెంట్ కోసం కాచుకునే ఉంటుంది. పూల్‌లో పనివాడు ఒక్కడే ఉంటే రెండో పిలుపును అందుకోవడానికి ఎవరూ ఉండరు. టెస్టులన్నీ అయ్యాక కూడా పైతాన్ ఆ థ్రెడ్ ముగిసేదాకా బయటికి రాదు, తెర మీద "పాస్" అని పడి అలాగే బిగుసుకుపోతుంది. అందుకే టెస్టు పాసైనా ఫెయిలైనా, ఫైనల్లీ బ్లాకులో ఈవెంట్‌ను సెట్ చేయండి. ఈవెంట్ మీద ఆగేటప్పుడు 5 సెకన్ల హద్దు కూడా పెట్టండి.

మీ కోడులో డెడ్‌లైన్ ఇవ్వని పిలుపులున్నాయేమో కూడా వెతకండి. జీఆర్‌పీసీ తనంతట తానుగా ఏ గడువూ పెట్టదు. మీరు ఇవ్వకపోతే ఆ పిలుపు ఎంతసేపైనా కాచుకుంటుంది. దీన్ని పట్టడం తేలిక: నకిలీ మెథడ్‌లో కాంటెక్స్ట్‌ను మిగిలిన సమయం ఎంతో అడగండి, గడువు లేకపోతే నన్ (పైతాన్‌లో "ఏమీ లేదు" అనే విలువ) గానీ, నమ్మశక్యం కానంత పెద్ద అంకె గానీ వస్తుంది, ఏది వచ్చినా టెస్టును అక్కడే ఫెయిల్ చేయండి.

జీఆర్‌పీసీ సొంత రీట్రై పాలసీ (విఫలమైన పిలుపును తనే మళ్లీ పంపే ఏర్పాటు) వాడితే మ్యాక్స్ అటెంప్ట్స్ లెక్కలో మొదటి ప్రయత్నమూ కలిసే ఉంటుంది. 5కు మించి రాసినా 5గానే తీసుకుంటుంది. నకిలీ రెండుసార్లు 14 ఇచ్చి మూడోసారి ధర ఇస్తే, మొత్తం మూడు పిలుపులు అందాయని లెక్కపెట్టండి. డెడ్‌లైన్ మాత్రం ఒక్కో ప్రయత్నానికి కాదు, అన్నిటికీ కలిపి. టెస్టు కోసం, మళ్లీ పంపేముందు ఆగే మొదటి ఎడాన్ని 0.01 సెకనుగా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: గో భాషలో బఫ్‌కాన్ (నెట్‌వర్కు లేకుండా మెమరీలోనే నడిచే కనెక్షను) వాడుతున్నాం. డయల్ బదులు న్యూక్లయింట్ వాడమన్నారని మార్చాం. అప్పటినుంచి "బఫ్‌నెట్" అనే పేరు దొరకలేదని ఎర్రర్.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: గో జీఆర్‌పీసీ 1.63లో వచ్చిన న్యూక్లయింట్ పేరును డీఎన్ఎస్‌లో వెతుకుతుంది, పాత డయల్ వెతికేది కాదు. అడ్రసు ముందు "పాస్‌త్రూ:///" చేర్చండి, సరిపోతుంది. బఫ్‌కాన్ మంచి ఎంపిక: పోర్టు అక్కర్లేదు, ప్రాక్సీ గొడవ లేదు, అయినా సందేశాలు అసలు హెచ్‌టీటీపీ/2 దారిలోనే నడుస్తాయి. జావా వాళ్లకు ఇలాంటిదే ఇన్‌ప్రాసెస్ సర్వర్ బిల్డర్. అక్కడ క్లయింటు స్టబ్‌లు ఫైనల్ క్లాసులు కాబట్టి మాక్ చేసే ఆలోచన అసలే వద్దు.

ప్రశ్న: మాది జేసన్-ఆర్‌పీసీ (పిలుపులూ జవాబులూ జేసన్ టెక్స్టుగా వెళ్లే పద్ధతి). నకిలీ సర్వరులో ఒక జవాబు ఫైలు పెట్టాను. మొదటి పిలుపు బాగుంది, రెండో పిలుపు ఎప్పటికీ తిరిగి రాదు.
— ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: జవాబు ఫైలులో ఐడీ 1 అని రాసి ఉంటుంది. జేసన్-ఆర్‌పీసీ 2.0లో జవాబు ఐడీ, రిక్వెస్టు ఐడీ ఒకటే కావాలి. మీ క్లయింటు రెండోసారి 2 పంపి, 2 కోసం ఎదురుచూస్తోంది. 1 వస్తే తనది కాదని పక్కన పెడుతోంది. నకిలీ వచ్చిన ఐడీని చదివి దాన్నే తిరిగి రాయాలి. ఐడీ లేకుండా వచ్చింది నోటిఫికేషన్, దానికి జవాబే ఇవ్వకూడదు. ఎర్రర్లు పరీక్షించేటప్పుడు హెచ్‌టీటీపీ 500 ఒక్కటీ ఇచ్చి ఆపకండి. చాలా సర్వర్లు హెచ్‌టీటీపీ 200తోనే, లోపల ఎర్రర్ ఆబ్జెక్టు పెట్టి పంపుతాయి: మెథడ్ లేకపోతే -32601, పారామీటర్లు తప్పైతే -32602. స్టేటస్ 200 చూసి రిజల్ట్ చదవబోయే కోడు అక్కడ పడిపోతుంది. ఆ కేసు తప్పక రాయండి.

ప్రశ్న: నకిలీ మేమే రాశాం, టెస్టులు మేమే రాశాం. అసలు సర్వరు మారిపోతే మాకెలా తెలుస్తుంది? మొన్న ధర రాని మార్కెట్లకు ఆప్‌లో 0 రూపాయలని పడింది. మా నకిలీ నన్ ఇచ్చేది.
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ముందు ఆ సున్నా. ప్రోటో3లో (ప్రోటో ఫైళ్లు రాసే భాష మూడో రూపంలో) మామూలు అంకె ఫీల్డుకు "లేదు" అనే స్థితి ఉండదు, విలువ పెట్టకపోతే చదివినప్పుడు 0 వస్తుంది. మీ నకిలీ ప్రోటో మెసేజ్ బదులు సొంత ఆబ్జెక్టు ఇచ్చి ఉంటుంది, అందుకే నన్ ఇవ్వగలిగింది. నకిలీ ఎప్పుడూ ప్రోటో నుంచి పుట్టిన మెసేజ్ క్లాసునే కట్టి ఇవ్వాలి. అలా చేస్తే ఈ సున్నా టెస్టులోనే కనబడేది. ఇంకో లాభం, ప్రోటోలో ఫీల్డు పేరు మారితే పైతాన్ ఆ మెసేజ్ కట్టేటప్పుడే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. ధర లేకపోవడాన్ని, ధర సున్నాను వేరుగా చూడాలంటే సర్వరు వాళ్లను ఆ ఫీల్డుకు ఆప్షనల్ చేర్చమని అడగండి. అప్పుడు హ్యాజ్‌ఫీల్డ్‌తో అడగవచ్చు.

జేసన్ గేట్‌వే (జీఆర్‌పీసీ సందేశాలను జేసన్‌గా మార్చి ఇచ్చే సర్వరు) నుంచి రికార్డు చేసిన జవాబులు వాడేవాళ్లు 64 బిట్ల పూర్ణాంకాలు జేసన్‌లో కొటేషన్ల మధ్య స్ట్రింగులుగా వస్తాయని గుర్తుంచుకోవాలి. చేత్తో రాసిన నకిలీ జేసన్‌లో అంకెగా రాసేస్తే తేడా బయటపడదు. రికార్డు చేసిన ఫైళ్లలో టోకెన్లు, రైతుల ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటే గిట్‌లో చేర్చకముందే తీసేయాలి. చేర్చాక తీసినా పాత కమిట్లలో మిగిలే ఉంటాయి.

సర్వరు మారిందని తెలుసుకోవడానికి, నకిలీ కోసం రాసిన టెస్టుల్లో కొన్నింటిని అసలు టెస్టు సర్వరు మీద కూడా నడపండి. ఫిక్స్చరులో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసుకుని, అది ఉంటే నకిలీని లేపకుండా ఆ అడ్రసుకు ఛానెల్ తెరవమనండి. ప్రతి కమిట్‌కూ వద్దు, రాత్రి ఒకసారి చాలు. నెట్ పోయిన రాత్రి అది ఫెయిలైతే ఎవరి పనీ ఆగకూడదు, కోడు చేర్చడానికి దాన్ని షరతు చేయకండి. అందులో ఉండాల్సినవి మామూలు జవాబులే కాదు: లేని మార్కెట్ పేరు ఇస్తే అసలు సర్వరు నాట్ ఫౌండ్ అనే 5 ఇస్తుందా, ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ అనే 3 ఇస్తుందా? నకిలీ రాసేటప్పుడు ఎక్కువగా ఊహించి రాసేది ఇలాంటి చోటే. మీ ప్రోటోలో కొత్త మెథడ్ ఉండి అవతల ఇంకా పాత సర్వరే నడుస్తుంటే అన్‌ఇంప్లిమెంటెడ్ అనే 12 వస్తుంది. రాత్రి టెస్టులో 12 కనబడిందంటే తప్పు మీ కోడులో వెతకక్కర్లేదు, సర్వరు వాళ్లు కొత్త వెర్షను ఎప్పుడు పెడతారో అడిగితే చాలు.